విండోస్ 10 అయిపోయింది... కొత్త సిస్టమ్ కొనాలా, లినక్సు వేసి ఆ డబ్బు మానిటర్‌కి పెట్టాలా?

పాలకొల్లు_ప్రింటు
మాది పాలకొల్లులో చిన్న డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, గుడి ఉత్సవాల కరపత్రాలు, స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు ఇవే పని. సిస్టమ్ ఐ5 ఆరో జనరేషన్, 8 జీబీ ర్యామ్, మధ్యలో ఎస్‌ఎస్‌డీ వేయించాను, దానికేం రోగం లేదు శుభ్రంగా నడుస్తోంది. మానిటర్ మాత్రం పాతది, 18.5 అంగుళాలు, 1366×768. ఇప్పుడు విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేశారు, 11 ఎక్కిద్దామంటే ఎనిమిదో జనరేషన్ ఉండాలంట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలంట. అడిగిన చోటల్లా మొత్తం సెట్టు మార్చెయ్యమంటున్నారు, మా బావమరిది విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్సు వేసెయ్ బావా అంటాడు. నా అసలు బాధ కళ్ళండి. సాయంత్రం ప్రూఫు చూసేసరికి లాగేస్తున్నాయి, ఠ ఏదో ర ఏదో జూమ్ చేస్తేగానీ తెలీట్లేదు. 30 వేలు దాటి పెట్టలేను. పేజీలు కట్టే పేజ్‌మేకరూ, తెలుగు కొట్టే అనూ ఫాంట్లూ లేకపోతే షాపు షట్టర్ దించుకోవడమే, అది మనసులో పెట్టుకుని చెప్పండి.

రావులపాలెం_రూట్
తొందరేం లేదండి. 10కి ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు, 2026 అక్టోబర్ 13 దాకా. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. ఈలోపు డబ్బులు కూడబెట్టుకుని కొత్తది కొనుక్కోండి. పనిచేసే షాపులో ప్రయోగాలు వద్దు.

ఆర్చ్_అబ్బాయి
లినక్సుల్లో ఆర్చ్ అని ఉంది, అది వేసెయ్ అన్నా. 8 జీబీతో ఎగిరిపోద్ది. వికీ చదువుకుంటే అన్నీ వచ్చేస్తాయి.

లంక_లినక్సు
ఒరే అబ్బాయ్, ఆయన పెళ్ళిళ్ళ సీజన్లో కార్డులు కొట్టుకోవాలా, వికీ చదువుకోవాలా?

ప్రింటు గారూ, లినక్సుల్లో మీకు మింట్ సరిపోద్ది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, ఆరో జనరేషన్ మీద హాయిగా నడుస్తుంది. తెలుగు టైపింగుకి ఐబస్, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్ కీబోర్డు లేఔట్లు ఉంటాయి, మీ డీటీపీ వాళ్ళ యాపిల్ లేఔటు కూడా ఉంటుంది కాబట్టి వేళ్ళు కొత్తగా నేర్చుకోవక్కర్లేదు. పేజ్‌మేకర్ ఒక్కటే తంటా. దానికి వర్చువల్‌బాక్సులో పాత విండోస్ ఎక్స్‌పీ పెట్టుకుని నెట్ కనెక్షన్ తీసేసి అందులో నడుపుకోండి. ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది కాబట్టి దాన్ని నెట్‌కి మాత్రం తగిలించకండి. లోపల పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్లో పడేస్తే బయట మింట్‌లో తెరిచి చూసుకోవచ్చు, ప్రింటరుకి పంపుకోవచ్చు.

పాలకొల్లు_ప్రింటు
అంటే సిస్టంలో సిస్టమా? నెమ్మదించదా?

లంక_లినక్సు
ఎక్స్‌పీకి 1 జీబీ ఇస్తే చాలండి, అది పుట్టిన కాలానికి అదే ఎక్కువ. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఎక్స్‌పీ వచ్చిందీ 2001లోనే. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు.

పిక్సెల్_పిచ్చి
అందరూ ఓఎస్ గురించే కొట్టుకుంటున్నారు, ఆయన కళ్ళు లాగుతున్నాయన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. నాది అమలాపురం, రోజంతా తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దే పనే నాదీ, అందుకే గట్టిగా చెప్తున్నా. ప్రింటు గారూ మీ డబ్బు మొత్తం తెర మీద పెట్టండి.

ఎందుకో చెప్తాను కాస్త ఓపిగ్గా చదవండి. 18.5 అంగుళాల్లో 1366×768 అంటే అంగుళానికి 85 పిక్సెళ్ళు. మామూలు సైజు అక్షరానికి మొత్తం 16 పిక్సెళ్ళ ఎత్తు దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరానికి అది చాలు, ఎందుకంటే అది ఒక అంతస్తే. మనది అలా కాదు, పైన గుడో ఏత్వమో, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ‘రాష్ట్రం’ అన్న మాటలో అయితే ఒత్తు కింద ఇంకో ఒత్తు, జ్యోత్స్న అని రాస్తే త కింద స, దాని పక్కన న. ఇవన్నీ ఆ 16లోనే ఇరుక్కోవాలి. ఠ లోపలి చుక్కకీ చుట్టూ ఉన్న గీతకీ మధ్య కనీసం ఒక పిక్సెల్ ఖాళీ ఉంటేగానీ చుక్క చుక్కలా కనపడదు. ఆ ఖాళీ లేకపోతే బూడిదరంగు మచ్చ అయిపోతుంది, అప్పుడు కంఠం చదువుతున్నామో కంరం చదువుతున్నామో వాక్యం అర్థాన్ని బట్టి మనసు ఊహించుకుంటుంది. థ, ధ కూడా అంతే, మధ్యలో చుక్కే తేడా. మీ కళ్ళకి రోజంతా ఆ ఊహించే పని పడుతోంది.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. విండోస్‌లో క్లియర్‌టైప్ అని ఉంటుంది చూశారా, ఎక్స్‌పీ నుంచీ ఉంది. అది ఒక్కో పిక్సెల్లో ఉండే ఎరుపు ఆకుపచ్చ నీలం ముక్కల్ని విడివిడిగా వాడి అడ్డంగా నునుపు పెంచుతుంది. అడ్డంగానే. నిలువుగా ఆ మూడు ముక్కలూ లేవు కాబట్టి పాత పద్ధతిలో నిలువు వైపు ఏ లాభమూ లేదు. ఇంగ్లీషులో నిలువుగీతలు ఎక్కువ, వాటి పక్కలు నునుపైతే సరిపోయింది. తెలుగులో వంపులు ఎక్కువ, పైగా బరువంతా కిందకీ పైకీ పేరుస్తాం. అంచేత క్లియర్‌టైప్ ఎంత సరిచేసినా మన అక్షరానికి సగం మందే అందుతుంది. దీనికి ఒకటే దారి, పిక్సెళ్ళు పెరగాలి. 27 అంగుళాల 4కె తెర మీద అంగుళానికి 163 ఉంటాయి, 150 శాతం స్కేలింగ్ (అన్నిటినీ పెద్దవి చేసి చూపించే సెట్టింగు) పెడితే అదే అక్షరానికి 24 పిక్సెళ్ళ ఎత్తు. ఒక్కసారి దానిమీద తెలుగు చదివాక వెనక్కి వెళ్ళలేరు, నిజంగా.

నరసాపురం_నైట్‌షిఫ్ట్
బాబోయ్ ఈ లెక్కన నా 27 అంగుళాల 1080పీ సంగతేంటి

పిక్సెల్_పిచ్చి
నైట్‌షిఫ్ట్ బ్రో, అంగుళానికి 82. ప్రింటు గారి పాతదానికంటే తక్కువ. తెర పెద్దదైంది, అక్షరం పెద్దదైంది, వివరం పెరగలేదు. సినిమాలకి ఉంచుకో.

పాత_సీఆర్టీ
ఎల్‌సీడీలు వచ్చాకే ఈ రోగాలన్నీ వచ్చాయి. 17 అంగుళాల సీఆర్టీ (పాత డబ్బా మానిటర్) మీద 1024×768 పెట్టి 85 హెర్ట్జ్ చేసి ఎన్నేళ్ళు పనిచేశామో, అక్షరం మెత్తగా ఉండేది, గరుకు తెలిసేది కాదు. 60లో ఉంచితే మాత్రం ట్యూబులైటు కింద కళ్ళు అదిరేవి, అదొక్కటీ మార్చుకుంటే చాలు.

పిక్సెల్_పిచ్చి
మాస్టారూ మెత్తగా ఉండేది ఒప్పుకుంటా, ఆ మెత్తదనం వల్ల మెట్లు కనపడేవి కావు. కానీ మెత్తదనం వివరం కాదు కదా, ఠ లో చుక్క అక్కడా కలిసిపోయేది. మీరు అప్పుడు 14 పాయింట్లలో పెట్టుకుని చదివేవారు, అదీ అసలు విషయం.

పాత_సీఆర్టీ
14 పెట్టుకునే చదివేవాళ్ళం, నిజమే. అయినా ఆ నలుపు నలుపులా ఉండేది. ఇప్పటి చవక తెరలు చీకట్లో చూస్తే బూడిదరంగు కొడతాయి.

రావులపాలెం_రూట్
పిక్సెల్ గారు చెప్పింది బానే ఉంది గానీ ఒక లొసుగుంది. నేను సిస్టమ్స్ అసెంబుల్ చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. 4కె తెర కొని పేజ్‌మేకర్ తెరిస్తే ఏమవుతుందో తెలుసా? ఆ సాఫ్ట్‌వేర్ ఇలాంటి తెరల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. 100 శాతంలో పెడితే మెనూలు చీమల్లా కనపడతాయి, 200కి సాగదీస్తే ఒక్కో పిక్సెల్‌ని నాలుగు చేసి చూపిస్తుంది అంతే, మళ్ళీ మొదటికే. వర్చువల్‌బాక్సులోనూ అదే కథ. మరి 4కె దేనికి?

పిక్సెల్_పిచ్చి
రూట్ గారు లేవనెత్తింది అసలైన పాయింటు. పేజ్‌మేకర్ కిటికీలో లాభం తక్కువే. కానీ ప్రూఫు ఎక్కడ చూడాలి? పీడీఎఫ్‌లో. లంక గారు చెప్పినట్టు పీడీఎఫ్ బయటికి తీసి మింట్‌లో తెరిస్తే అక్కడ ప్రతి పిక్సెలూ పనిచేస్తుంది, అనూ ఫాంటైనా, అన్ని సిస్టమ్స్‌లోనూ చెల్లే యూనికోడైనా పీడీఎఫ్‌లోకి వెళ్ళాక గీతలే. కంపోజింగ్ పాత కిటికీలో, దిద్దడం కొత్త తెర మీద. ఏ4 పేజీ మొత్తం నిలువునా పట్టి, అయినా ఒత్తులు విడివిడిగా కనపడితే ఆ సుఖమే వేరు.

వశిష్ట_గట్టు
అసలు ఇన్నేళ్ళయినా అనూ దగ్గరే ఎందుకు ఉండిపోయామో. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంట్ వచ్చింది. ఈలోపు వశిష్ట ఫాంట్ ఎవరైనా ఇస్తారేమోనని మా ఒడ్డున ఎదురుచూస్తున్నాం

లంక_లినక్సు
రెండు పాయల మధ్య లంకలో ఉన్నవాణ్ణి, నేను తటస్థం.

పాలకొల్లు_ప్రింటు
గట్టు గారూ, యూనికోడ్‌లో పెళ్ళికార్డుకి తగ్గ ఫాంట్లు లేవండి, అందుకే ఉండిపోయాం. కస్టమరు పాత కార్డు తెచ్చి అచ్చం ఇలాగే ఉండాలంటాడు. పైగా నా దగ్గర పాత ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, తాతగారి కార్డు చేసిన ఇంటికే మనవడి కార్డూ చేస్తున్నా.

తణుకు_టీచరమ్మ
ఫాంట్లు లేవన్నది ఒకప్పటి మాట ప్రింటు గారూ. గూగుల్ ఫాంట్స్‌లో చూడండి, మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, పొన్నాల... సిలికానాంధ్ర వాళ్ళ చొరవతో వచ్చినవి, అన్నీ ఉచితం, శీర్షికలకి పనికొచ్చేవీ ఉన్నాయి. నోటో సెరిఫ్ తెలుగు చదవడానికి బాగుంటుంది. లిబ్రేఆఫీస్ 5.3 నుంచి అన్ని ఓఎస్‌ల మీదా అక్షరాల్ని పేర్చడానికి హార్ఫ్‌బజ్ వాడుతోంది కాబట్టి ఒత్తులు విరగవు, పేజీలు కట్టే స్క్రైబస్ కొత్త వెర్షన్లలో కూడా తెలుగు సరిగ్గా వస్తుంది. మా స్కూల్లో క్వశ్చన్ పేపర్లు అలాగే చేస్తాం. పెళ్ళికార్డులు పాతదాంట్లో ఉంచుకుని క్వశ్చన్ పేపర్లు ఇటు మార్చండి, వచ్చే ఏడు అదే పేపరు ఫోన్లో వెతికినా దొరుకుతుంది. అనూలో చేసింది ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చిగీతలు తప్ప ఏమీ కనపడవు కదా.

ఇంకో మాట ఆర్చ్_అబ్బాయికి, కోపంతో కాదు నాన్నా. వికీ చదువుకో అనేశావు. ఆ వికీ ఇంగ్లీషులో ఉంది. మా స్కూలుకి వచ్చే పిల్లల్లో కంప్యూటర్ మీద ఆసక్తి లేనివాళ్ళు లేరు, కానీ ఏదైనా గ్రూపులో ఒక ప్రశ్న వేస్తే ముందు మాన్యువల్ చదువు అని జవాబు వస్తే ఇంకెప్పుడూ అడగరు, ముఖ్యంగా ఆడపిల్లలు. పోయినేడు ఒకమ్మాయి ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో లినక్సు వేసుకుందామని ఒక గ్రూపులో అడిగితే నువ్వెందుకు, మీ అన్నయ్యని అడుగు అన్నారంట. గీకు అనిపించుకోవాలంటే కష్టమైన ఓఎస్ వాడాలనో నల్లటి టెర్మినల్ తెరిచి ఫొటో పెట్టాలనో ఒక లెక్క తయారైంది, నాకది అస్సలు నచ్చదు. లినక్సు పుట్టించిన టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న దాని గురించి పోస్టు పెట్టినప్పుడు ఏమడిగాడు? అప్పటికే ఉన్న మినిక్స్ అనే ఓఎస్‌లో మీకేం నచ్చింది ఏం నచ్చలేదు చెప్పండని అడిగాడు. ఈ కల్చరంతా ఒక ప్రశ్నతో మొదలైంది. అడిగినవాళ్ళని తరిమేస్తే ఇక మిగిలేదేముంది.

ఆర్చ్_అబ్బాయి
టీచర్ గారూ నేను ఆ ఉద్దేశంతో అనలేదండి. నాకు భీమవరం హాస్టల్లో సీనియర్లు అలాగే నేర్పారు, పగలగొట్టుకుంటూ నేర్చుకోవడం నిజంగా బాగుంటుంది, బూట్‌లోడర్ పోయిన రాత్రి నేర్చుకున్నది సెమిస్టరంతా నేర్చుకోలేదు. కానీ అది నాకు సెలవుల్లో పని, ఆయనకి అన్నం పెట్టే పని, అర్థమైంది. ఆ అమ్మాయికి సాయం కావాలంటే చెప్పండి మేం నలుగురం ఉన్నాం, ఆదివారం తణుకు రాగలం.

తణుకు_టీచరమ్మ
తప్పకుండా రండి. ఒక్కమ్మాయి కాదు, తొమ్మిది పది తరగతుల వాళ్ళందరినీ కూర్చోబెడతా. మెసేజ్ చేస్తా.

వశిష్ట_గట్టు
సీనియర్లు అంటే గుర్తొచ్చింది. ఉబుంటు అనే లినక్సు వాళ్ళు అడిగితే సీడీలు పోస్టులో ఊరికే పంపేవారు తెలుసా, 2011లో ఆపేశారు. మా ఊరి పోస్టుమాన్ విదేశీ కవరు తెచ్చి సంతకం పెట్టించుకుని విప్పి చూపించమని అరుగు మీద కూర్చునేవాడు. ఊళ్ళో నెట్ లేదు, ఆ సీడీయే నెట్. ఏదీ కొనకుండా అంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఇంటికి రావడం అనేది, ఇప్పటి పిల్లలకి అది చెప్పినా అర్థం కాదు.

నరసాపురం_నైట్‌షిఫ్ట్
ఐఫోన్లు తెలుగుకి కుప్పకూలిన సంగతి కూడా చెప్పుకోవాలిగా. 2018 ఫిబ్రవరి

లంక_లినక్సు
అవును, జ్ఞ మీద. మామూలు జ్ఞా కాదు, మధ్యలో కనపడని నాన్-జాయినర్ అక్షరం ఒకటి దూరితే ఐఓఎస్ 11లో ఆ మెసేజ్ చూపించే యాపే మూసుకుపోయేది. తర్వాత 11.2.6లో సరిచేశారు. అక్షరాన్ని తెర మీద పేర్చడం ఎంత కష్టమైన పనో ప్రపంచమంతటికీ అప్పుడు తెలిసింది.

అంతర్వేది_గాలి
ఎవరూ చెప్పని సంగతి ఒకటి నేను చెప్తా, సముద్రం పక్కన ఉండేవాణ్ణి. ఏ ఓఎస్ వేసినా ఏ తెర కొన్నా ముందు ఉప్పుగాలి నుంచి కాపాడుకోండి. మా దగ్గర క్యాబినెట్ తెరిస్తే స్క్రూలు తుప్పు, ర్యామ్ కాళ్ళ మీద పచ్చటి పొర. సిస్టమ్ ఆన్ అయి బీప్ కొట్టి ఆగిపోతే చాలామంది బోర్డు పోయిందనుకుంటారు, ర్యామ్ తీసి బంగారు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పొడి దులిపి పెడితే లేచి కూర్చుంటుంది. వానాకాలం నెలల తరబడి ఆపేసి ఉంచకూడదు, రోజూ ఓ గంటైనా ఆన్‌లో ఉంటే ఆ వేడికి చెమ్మ ఎండుతుంది.

ఇంకోటి తెర లోపల పురుగు. దీపం పురుగులు వచ్చే రోజుల్లో సన్నటివి తెర అంచు సందులోంచి దూరి వెలుగు కోసం లోపల తిరుగుతాయి. వేలితో నొక్కకండి! నొక్కితే అక్కడే చచ్చి మచ్చ ఉండిపోద్ది, వారంటీలో కూడా తియ్యరు. తెర ఆపేసి గదిలో లైటు తీసేసి, బయట అంచు దగ్గర చిన్న దీపం పెడితే చాలాసార్లు అదే వచ్చేస్తుంది.

రావులపాలెం_రూట్
గాలి గారి రబ్బరు వైద్యం నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి తోడు యూపీఎస్. రొయ్యల చెరువుల పక్కన ఏరేటర్లన్నీ ఒక్కసారి లేచాయంటే వోల్టేజీ ఎలా ఊగుతుందో మా వైపు వాళ్ళకి తెలుసు. 30 వేలల్లో ఓ మూడు దానికి తీసిపెట్టండి ప్రింటు గారూ.

నరసాపురం_నైట్‌షిఫ్ట్
ఓలెడ్ ఎవరూ అనట్లేదేంటి

పిక్సెల్_పిచ్చి
డీటీపీకి వద్దు. టూల్‌బాక్సు రోజంతా ఒకేచోట ఉంటుంది, ఆ మరక తెర మీద దిగిపోతుంది. కొన్ని ఓలెడ్లలో మూడు రంగుల ముక్కలు త్రికోణంలో ఉంటాయి, అక్షరాల అంచుల్లో రంగు కనపడుతుంది. ఐపీఎస్ రకం ఎల్‌సీడీ తెర చూసుకోండి చాలు. 144 హెర్ట్జ్ కోసం కూడా డబ్బు పెట్టక్కర్లేదు.

ప్రింటు గారూ ఒక ముఖ్యమైన ప్రశ్న, మీ బోర్డు వెనకాల ఏ పోర్టులున్నాయి?

పాలకొల్లు_ప్రింటు
ఇప్పుడే టార్చి వేసి చూశా. నీలంది ఒకటి ఇప్పుడు వాడేది, దాని పక్కన తెల్లటి పొడుగుది, ఇంకోటి హెచ్‌డీఎంఐ. డిస్‌ప్లేపోర్టు అని ఎక్కడా లేదు.

పిక్సెల్_పిచ్చి
నేను అనుకున్నదే. ఆరో జనరేషన్ ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ డిస్‌ప్లేపోర్టు మీదైతే 4కె 60 హెర్ట్జ్ ఇస్తుంది. హెచ్‌డీఎంఐ 1.4 కాబట్టి అందులో 4కె 30కే ఆగిపోతుంది. 30లో మౌసు ఈడ్చుకుంటూ వస్తుంది, రోజంతా పనికి అస్సలు వద్దు. కాబట్టి మీకు రెండు దారులు. ఒకటి, 27 అంగుళాల 1440పీ, అంటే 1080పీకీ 4కెకీ మధ్యది. అంగుళానికి 109, మీ హెచ్‌డీఎంఐలోనే 60 వస్తుంది, స్కేలింగ్ అక్కర్లేదు కాబట్టి రూట్ గారు చెప్పిన పేజ్‌మేకర్ గొడవ కూడా ఉండదు, మెనూలు మామూలుగా కనపడతాయి. రెండోది, 4కె కొని దాంతోపాటు హెచ్‌డీఎంఐ 2.0 ఉన్న చిన్న గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌ఎక్స్ 550 లాంటిది సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోవడం. లినక్సులో దాని డ్రైవరు కర్నెల్లోనే ఉంటుంది.

రావులపాలెం_రూట్
మొదటిదానికే నా ఓటు. యూపీఎస్‌కి కూడా మిగులుతుంది.

పిక్సెల్_పిచ్చి
నా ఓటు ఇప్పటికీ 4కెకే, కళ్ళ దగ్గర పొదుపు చెయ్యకూడదు. కానీ మీ కళ్ళు మీవి. రాజమండ్రిలో పెద్ద షాపులకి వెళ్ళినప్పుడు వాళ్ళు చూపించే రంగుల వీడియోలు చూడకండి. మీరు చేసిన కార్డు పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. రెండు తెరల మీదా పక్కపక్కన 100 శాతంలో తెరిపించి, మీరు షాపులో కూర్చునేంత దూరంలో కూర్చుని, వధువు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే పౌత్రి, దౌహిత్రి, జ్యేష్ఠ అన్నవి చదవండి. ష్ఠ కింద ఒత్తులో చుక్క విడిగా కనపడిందా లేదా, అదొక్కటే పరీక్ష. 1440లో కనపడితే అదే కొనుక్కోండి, నేనేమీ అనుకోను.

పాలకొల్లు_ప్రింటు
ఆయ్, ఇది బాగుందండి. కార్డుల్లో జ్యేష్ఠ పుత్రుడు లేని ఇల్లు లేదు. ఆదివారం మా బావమరిదిని తీసుకుని రాజమండ్రి వెళ్తా. మింట్ మాత్రం ముందు వేరే ఎస్‌ఎస్‌డీలో వేసుకుంటా, విండోస్‌ది తీసి బీరువాలో పెడతా, సీజన్ అయ్యేదాకా దాని జోలికి వెళ్ళను. డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ నత్తనడక, మూడు జీబీ అంటున్నారు కదా.

లంక_లినక్సు
డౌన్‌లోడ్ వద్దు. పెన్‌డ్రైవ్‌లో వేసి రేపు పొద్దున్న పాలకొల్లు బస్సులో మా తమ్ముడితో పంపిస్తా, షాపు ఎక్కడో మెసేజ్ చెయ్యండి. ముందు ఇన్‌స్టాల్ నొక్కకుండా లైవ్‌లో బూట్ చేసి ప్రింటరూ స్కానరూ పలుకుతున్నాయో లేదో చూసుకోండి, ప్రింటరు మోడల్ ఏంటో కూడా రాయండి.

పాలకొల్లు_ప్రింటు
మోడల్ షాపుకెళ్ళి చూసి రాత్రికి పెడతా. స్కానరు పాతదే, దాని మీదే అనుమానం.

ఆర్చ్_అబ్బాయి
స్కానరు పలక్కపోతే నాకు చెప్పన్నా, లినక్సులో స్కానర్లని నడిపే సేన్ లిస్టులో ఉందేమో వెతికి పెడతా. వికీ నేనే చదువుతాలే.